స్కేలు పెట్టి కొలిచిన ‘ఉరుము’

సోమవారం, ఉదయం

ఈ రోజు నుంచి ఒక తీర్మానం. ఎవరు ఏమన్నా సరే, జవాబు మర్యాదగానే ఇస్తాను. ‘గారు’ లేకుండా ఒక్క వాక్యం కూడా బయటికి వెళ్లదు.

వినోదాల పార్కులో ప్రచార విభాగం నాది. పార్కు పేజీలో జనం పెట్టే ప్రతి కామెంటుకూ నేనే సమాధానం రాసి, కింద నా పేరు పెట్టాలి. ఉద్యోగం ఖాయం చేస్తారో, ఇంటికి పంపుతారో ఈ నెలాఖరుకు తేలుతుంది. మా ఇంట్లో బడి గడప తొక్కిన మొదటి మనిషిని నేనే. చదువుకున్నవాళ్లు ఎలా మాట్లాడతారో చూపించాలి కదా.

కొత్త రోలర్ కోస్టర్ ప్రకటించాం. పేరు ‘ఉరుము’. ఎత్తు యాభై మీటర్లు. పెద్ద రంగుల బొమ్మ కూడా పెట్టాం. అభిమానులు ఎంత సంబరపడతారో!

సోమవారం, సాయంత్రం

సంబరం చూశాను.

మొదటి కామెంటు: "ఇది కోస్టరా, మా మేడ మెట్లా?"

రెండోది: "రంగు చూస్తేనే కడుపులో తిప్పుతోంది. ఇక ఎక్కడం ఎందుకు?"

పునాదికి గొయ్యి కూడా తవ్వలేదు. అప్పుడే ఒకావిడ సీట్లు గట్టిగా ఉన్నాయని రాసింది.

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు చెప్పాను. అమ్మ ఇస్త్రీ దుకాణం మూసి వచ్చి, "ఇవాళ ఏం రాశావో చదువు" అంది. తనకు చదవడం రాదు. నేను ఉద్యోగంలో చేరినప్పటి నుంచి రోజూ ఇదే వరస. చదివాను. కళ్లు మూసుకుని విన్నది. "ఎంత నెమ్మదిగా మాట్లాడావే" అంది.

ఈ తీర్మానం నిలబడుతుంది.

మంగళవారం

బోల్టు బాబాయి రంగంలోకి దిగాడు. కోస్టరు అభిమానుల సంఘానికి పెద్ద. ఆ పేరు తనకు తాను పెట్టుకున్నదే.

మా బొమ్మను కంప్యూటరు తెర నిండా పెద్దది చేసి, స్కేలు ఆనించి కొలిచాడట. ముందు సీట్లో చేతులెత్తిన పాప ఉంది. ఆ పాప తల ఇంత ఉంటే కోస్టరు అంత ఉండాలని లెక్క తేల్చాడు. పదిహేడు మీటర్లు.

సాయంత్రానికి సంఘమంతా స్కేళ్లు పట్టింది. తలకిందుల తమ్ముడు అనే అతనికి పద్దెనిమిది వచ్చింది. అతన్ని సంఘం నుంచి వెలివేశారు.

నేను: "యాభై మీటర్లేనండి. బాబాయి గారి శ్రద్ధకు కృతజ్ఞతలు."

బాబాయి: "అయితే బొమ్మ అబద్ధమా, నువ్వు అబద్ధమా?"

బుధవారం

బొమ్మ గీసినాయన దగ్గరికి వెళ్లి, పాప తల అంత పెద్దగా ఎందుకుందని అడిగాను.

"ఆ పాప ఓనరు గారి మనవరాలమ్మా. మొహం గుర్తుపట్టేలా ఉండాలన్నారు. మూడింతలు చేశాను. ఇంకా పెంచమన్నారు గానీ, నాకే సిగ్గేసింది."

ఇంకేం, సమస్య తీరింది. ఈ సంగతి రాసేస్తానని మేనేజరు గారితో చెప్పాను.

"తల్లీ, ఆ తల జోలికి మాత్రం వెళ్లకు. నీ ఉద్యోగం, నా ఉద్యోగం దాని మీదే ఉన్నాయి. ఏదో ఒకటి సర్దిచెప్పు."

సర్దిచెప్పాను. "బాబాయి గారూ, అది చిత్రకారుడి దృష్టికోణం అండి."

"కోణం ఎవడడిగాడు? ఎత్తు చెప్పు."

గురువారం

లూపు రాణి అనే ఆవిడ అడిగింది. "ఏమ్మా, నువ్వసలు కోస్టరు ఎప్పుడైనా ఎక్కావా?"

ఎక్కలేదు. నాకు నిచ్చెన ఎక్కినా కళ్లు తిరుగుతాయి. "త్వరలో ఎక్కబోతున్నానండి" అని రాశాను. అబద్ధమే. కానీ అమర్యాద కాదు.

ఈ రోజు కొన్నిచోట్ల ‘గారు’ మానేశాను. వేళ్లు నొప్పి పుడుతున్నాయి. ‘అండి’ ఉంది కాబట్టి తీర్మానానికి భంగం లేదు.

ఒకాయనకు "మీ అపార జ్ఞానానికి జోహార్లండి" అని రాశాను. అందులో వెటకారం కనిపిస్తే అది ఆయన చూపులో లోపం.

అమ్మకు సోమవారం నాటి జవాబులే మళ్లీ చదివాను.

"మొన్న కూడా ఇదే విన్నట్టుందే?"

"మర్యాద ఎప్పుడూ ఒకేలా ఉంటుందమ్మా."

శుక్రవారం, మధ్యాహ్నం

బోల్టు బాబాయి అట్టముక్కలతో ‘ఉరుము’ నమూనా కట్టాడు. వాళ్ల పిల్లి దాని మీంచి ఒక్క దూకు దూకింది. వీడియో పెట్టాడు. ఊళ్లో సగం మంది చూసినట్టున్నారు. పది కామెంట్లకు తొమ్మిది పిల్లి వైపే.

కింద ఇలా రాశాడు. "ఈ పేజీలో జవాబులిచ్చే పిల్లకు స్కేలు చూడటం కూడా రాదు. ఏ బడికి వెళ్లిందో పాపం."

బడి మాట ఎత్తాడు.

ఆ బడికి నన్ను పంపడానికి అమ్మ ఎంతమంది చొక్కాలు ఇస్త్రీ చేసిందో అతనికేం తెలుసు?

శుక్రవారం, కాసేపటికి

పంపేశాను.

"బాబాయ్, బొమ్మలో ఉన్నది మా ఓనరు మనవరాలు. మొహం కనబడాలని తల మూడింతలు గీశారు. ఆ తలతో కొలిచావు కాబట్టి పదిహేడైనా వచ్చింది. నీ తలతో కొలిచి ఉంటే మీటరు కూడా తేలేది కాదు. మీ పిల్లికి మా తరఫున టికెట్ ఉచితం. ఆ ఇంట్లో బుర్ర ఉన్నది దానికే."

పార్కు పేజీ నుంచే. పార్కు గుర్తుతో సహా. ‘గారు’ లేదు, ‘అండి’ లేదు.

తీసేద్దామని చూసేలోపే ఊరంతా పంచుకున్నారు.

శుక్రవారం, సాయంత్రం

"మొహం అలా పెట్టావేం? చదువు" అంది అమ్మ.

ఉన్నదున్నట్టు చదివాను. అమ్మ నవ్వడం మొదలుపెట్టి కుర్చీలో కూలబడింది.

"అచ్చం మీ మేనత్త నోరే. ఈ మాత్రం దానికి ఇన్నేళ్ల చదువెందుకే? నాలుగు రోజులు దాని ఇంట్లో వదిలిపెడితే సరిపోయేది."

ఏడవాలో నవ్వాలో తెలియలేదు. ఉద్యోగం పోయిందని మాత్రం తెలిసింది.

శనివారం

మేనేజరు గారు పిలిచారు. బల్ల మీది నా సామాన్లు సంచిలో సర్దుకునే వెళ్లాను.

"కూర్చోమ్మా. బాబాయి ‘ఉరుము’ మొదటి రోజుకి ఇప్పటినుంచే ఇంటిల్లిపాదికీ టికెట్లు కొన్నాడు. సంఘంవాళ్లు పాప తల చొక్కాల మీద అచ్చేయించుకుంటున్నారు. మనవరాలికి ఇంత పేరొచ్చిందని ఓనరు గారు పొంగిపోతున్నారు."

"మరి ఎత్తు సంగతో?"

"పదిహేడన్నవాళ్లే ఇప్పుడు యాభై మరీ ఎక్కువ, ప్రాణాలు తీస్తారా అంటున్నారు. వదిలెయ్. నీ ఉద్యోగం ఖాయం. ఒక్కటే షరతు. రోజుకొకరినైనా ఇలా వాయించాలి. మెత్తబడ్డావో, ఇంకో నోరు వెతుక్కుంటాం."

"నేను చదువుకున్నది అందుకు కాదండి."

"నాకు తెలీదా? మర్యాదగా రాసేవాళ్లు బయట బోలెడుమంది ఖాళీగా ఉన్నారు. సోమవారం చెప్పు."

ఆదివారం, ఉదయం

తేల్చుకున్నాను. ఉద్యోగం పోతే పోనీ. రేపు మేనేజరు గారి ముందు నిలబడి, నాకు వచ్చింది మర్యాద ఒక్కటేనని చెబుతాను. ఇకపై ఎవరినీ కించపరచను. ఈసారి గట్టి తీర్మానం. సరిగ్గా పది గంటలకు మొదలు.

లూపు రాణి ఇప్పుడే రాసింది. "నిన్నంతా ఒక్క మాటా లేదే? ఆ పిల్ల నోరు పడిపోయిందా, లేక బాబాయికి దడుచుకుందా?"

గడియారం చూశాను. పదికి ఇంకా పది నిమిషాలుంది.