ఇంటిని ఇల్లు పట్టుకున్న ఊరు

రోక్కాసేర్వా, ఇటలీ
7 సెప్టెంబరు 1997

ప్రియమైన మా ఆయనకు,

వందనాలు. నేను క్షేమమే గానీ ఈ కొండే క్షేమంగా లేదండీ. మొన్న నేల అదిరింది. నేను చూసుకునే అస్సుంతా మామ్మ మంచం దానంతటదే గోడ దాకా నడిచింది. ఆవిడేమో, "నన్ను కనిపెట్టుకోవడానికి వచ్చి నువ్వే వణుకుతావేం పిల్లా" అని నవ్వుతోంది.

ఊరు ఏడెనిమిది వందల ఏళ్ళ నాటిది. శత్రువుల భయంతో కొండ నెత్తిన కట్టుకున్నారట. చుట్టూ కోటగోడ, ఒకటే ద్వారం, నడుమ బురుజు. ఇరుకు సందులకు అడ్డంగా ఈ ఇంటి నుంచి ఎదురింటికి రాతి కమానులు. అవి దేనికంటే, "ఇల్లు ఇంటిని పట్టుకోవడానికి" అంది మామ్మ.

ఊరి పెద్దలు కింద బడిలో పడుకోమంటున్నారు. దానికి కొత్తగా స్లాబు వేశారు. ఈవిడ రానంటోంది. ఎక్కడ పడుకోమంటారు?

మీ గ్లోరియా

అబూ హమూర్, దోహా
16 సెప్టెంబరు

ప్రియమైన గ్లోరియాకు,

నీకు మతి గానీ పోయిందా? పాత రాళ్ళ కింద కూర్చుని, ఎక్కడ పడుకోమంటారని అడుగుతున్నావా! దోహాలో ఎన్ని స్లాబులు పోయించాను, ఒక్కదానికైనా బీట వచ్చిందా? నిన్న ఉమ్ సలాల్‌లో విల్లా స్లాబు పోస్తున్నంతసేపూ నీ కమానులే కళ్ళముందు. ఫోర్‌మన్ పెళ్ళానివై ఉండి సున్నం గోడలను నమ్ముతావా? మామ్మను ఎత్తుకునైనా సరే, యల్లా, పద, కిందికి దిగు. స్లాబు కిందే పడుకో. ఇది నా మాట.

శుక్రవారం అల్ హిలాల్‌లో మన సంఘం సుకుమారి అక్క వాళ్ళింట్లో కిటికీలు మూసి, గొంతు తగ్గించి నీకోసం ప్రార్థన చేశాం; ఇక్కడ మన ప్రార్థన బయటికి వినపడకూడదు కదా. నాకు భయంగా ఉందే.

నీ జాషువా

దోహా
27 సెప్టెంబరు

గ్లోరియా,

మీ వైపు వచ్చిన భూకంపం రూమ్మేటు ఇర్ఫాన్, నేను టీవీలో చూశాం. కొండలు, దుమ్ము, ఏడుస్తున్న ముసలివాళ్ళు. మీ ఊరి పేరు చెప్పలేదు. ఫోను కలవడం లేదు. "మీ ఆమెకు ఏం గాదు భాయ్, స్లాబు కింద ఉన్నది గదా" అంటున్నాడు ఇర్ఫాన్. నేనూ అదే అనుకుంటున్నాను. దిగావు కదూ? నా మాట విన్నావు కదూ? ఒక్క ముక్క రాయి.

జాషువా

రోక్కాసేర్వా
28 సెప్టెంబరు

ప్రియమైన మా ఆయనకు,

బతికే ఉన్నాను. ముందు అది చదువుకోండి.

మీ మాట విన్నాను. మామ్మను బతిమాలి, బెదిరించి దింపాను. మీ ఉత్తరం అందిన రాత్రి బడిలోనే పడుకున్నాం. పొద్దున ఆవిడ పేచీ: తన గిన్నెలో కాచిన కాఫీ తప్ప తాగదట. తిట్టుకుంటూ ఇద్దరం మళ్ళీ కొండెక్కాం. మా సందులోకి వచ్చామో లేదో, నేల ఎగిరి తన్నింది. బురుజు తల కూలింది. రెండు వైపుల ఇళ్ళూ ఊగాయి. కమాను కరకరమంది గానీ రాయి ఒక్కటి జారలేదు. మామ్మ నా నడుం పట్టుకుంది, నేను ఆవిడను పట్టుకున్నాను.

కింద బడి స్లాబు మాత్రం పళ్ళెం బోర్లించినట్టు నేలమీద ఉంది. రొట్టెల బండి వచ్చిందని అందరూ బయటికి వెళ్ళారు కాబట్టి సరిపోయింది, దేవుడి దయ. బరువు మోయలేని పాత గొడ్లసావిడి గోడల మీద వేసిన స్లాబట అది. ఆ సంగతి మీరు అడగలేదు, నేనూ రాయలేదు. మీ ఉత్తరం దిండు కింద పెట్టుకున్నాను. దిండూ, ఉత్తరమూ ఇంకా అక్కడే ఉన్నాయి.

మీమీద కోపం లేదండీ. మీ భయం నాకు తెలుసు. మళ్ళీ అదురుతుందంటున్నారు. ద్రాక్షతోటలో డేరా వేసుకున్నాం, నెత్తిమీద గుడ్డ తప్ప ఏమీ లేదు. ఎక్కడ పడుకోవాలో ఈసారి మిమ్మల్ని అడగలేదు.

మీ గ్లోరియా