వచ్చిండు, వచ్చాడు

జూన్ 18

ఉద్యోగంలో మొదటి రోజు. సిద్దిపేట బస్టాండులో కుకునూరుపల్లి వైపు బస్సు తొందరగా దొరకలేదు. ఆలస్యంగా చేరాను. హెడ్మాస్టరు గారు గడియారం వైపు చూశారు. ఏదో ఒకటి అన్నా బాగుండేది.

తొమ్మిదో తరగతి, తెలుగు. లోపలికి వెళ్లగానే అందరూ లేచారు. కూర్చోమంటే సగం మందే కూర్చున్నారు. "పిల్లలూ, నిశ్శబ్దంగా ఉండండి" అన్నాను. వెనకనుంచి అదే మాట, అచ్చం నా గొంతుతో — "పిల్లలూ, నిశ్శబ్దంగా ఉండండి." క్లాసంతా నవ్వు. నాకూ నవ్వొచ్చింది. ఆపుకున్నాను. ఆపుకోవాలా... తెలియదు.

జూన్ 20

స్టాఫ్ రూములో లెక్కల నర్సింలు సార్ నాకొక చింతబరిగె ఇచ్చారు. "మొదటి నెల నవ్వద్దు మేడమ్. ఒక్కసారి నవ్విన్రంటె మళ్ల చేతికి రారు." కొట్టడం నావల్ల కాదన్నాను. "కొట్టకుండ్రి. టేబుల్ మీద కనవడాలె, గంతే."

పెట్టాను. మొదటి బెంచీలో కూర్చునే షాహీన్ దాన్ని చూసి అడిగింది: "మేడమ్, గిది బోర్డు మీద చూపెట్టనీకా?" అవునన్నాను. పీరియడంతా దాంతో అక్షరాలు చూపిస్తూ గడిపాను.

జూన్ 26

నన్ను అనుకరిస్తున్నది ఎవరో తెలిసింది. కనకయ్య. చివరి బెంచీ. ఫెయిలై మళ్లీ అదే క్లాసులో ఉన్నాడు, నాకంటే పొడుగు. నేను కొంగు సర్దుకోవడం, సుద్దముక్క పట్టుకోవడం... ఒక్కటీ వదలడు. నిజం చెప్పాలంటే బాగా చేస్తాడు.

బయట నిలబెట్టాను. కిటికీ అవతల నిలబడి లోపలికి చూస్తున్నాడు. క్లాసు నన్ను కాదు, కిటికీని చూస్తోంది. మరి నేను పాఠం ఎవరికి చెబుతున్నట్టు?

జూలై 5

గొంతు పోయింది. వినేవాళ్లు లేకపోయినా గొంతు మాత్రం పోయింది.

జూలై 8, ఆదివారం

గదిలో రేపటి పాఠం గట్టిగా చదువుకుంటుంటే ఇంటి ఓనరు రాజవ్వ తలుపు దగ్గరికి వచ్చింది. "మాతోని మంచిగనే మాట్లాడుతవు గద బిడ్డా. బడి సంగతి వస్తె రేడియో లెక్క మాట్లాడుతవేంది?"

ట్రైనింగు కాలేజీలో నా మొదటి పాఠం — "రాజు అడివికి పోయిండు" అన్నాను. బ్యాచంతా నవ్వింది. "టీచరు నోట రావలసిన మాటేనా అది?" అన్నారు లెక్చరర్. ఆ రోజు నుంచి అద్దం ముందు నిలబడి నేర్చుకున్నాను. వచ్చాడు, వెళ్లాడు, చూశాడు. ఊరికి వెళ్తే అమ్మతో ఒక మాట, క్లాసులో ఇంకో మాట. ఈ పేజీలో కూడా క్లాసు మాటే రాస్తున్నాను. ఇక్కడ ఎవరు నవ్వుతారని?

జూలై 24

పొద్దుటినుంచి వాన. రేకుల కప్పు ఒక మూల కారుతోంది. పిల్లలంతా తడవని వైపుకు ఒత్తుకున్నారు. తోపులాట. బెంచీ పడింది, షాహీన్ కాలి మీద. ఆ పిల్ల అరుపు. అయినా వెనకవాళ్లు తోస్తూనే ఉన్నారు. అప్పుడు నా నోట్లోంచి — నేను అనుకోలేదు —

"ఆగుండ్రి! యాడున్నోళ్లు ఆడనే నిలవడుండ్రి. ఒక్కడు కదిలిండంటె చూడుండ్రి."

తోపులాట ఆగింది. అందరూ నావైపే చూస్తున్నారు. "కనకయ్యా, బెంచి లేవట్టు బిడ్డా" అన్నాను. వెంటనే లేపాడు. ఆ పిల్లను మెల్లగా కూర్చోబెట్టాడు. నీళ్లకు పరిగెత్తాడు.

కాలు కమిలింది, విరగలేదు. నీళ్లు తాగి షాహీన్ అడిగింది: "మేడమ్, మీరు మా దిక్కేనా?"

"మాది జనగామ దిక్కు."

"మరి ఇన్నొద్దులు చెప్పలేదేంది?"

జూలై 27

అలాగే మాట్లాడుతున్నాను. వింటున్నారు. చింతబరిగె బీరువా మీద పడి ఉంది. ఇంత సులువా ఇది?

ఆగస్టు 3

వ్యాకరణం. సంధి విడదీస్తుంటే కనకయ్య లేచాడు. "అక్కా, గది మళ్లొక్కసారి చెప్పవా, సమజ్ కాలె."

అక్కా! ఎవరూ నవ్వలేదు. వాడూ నవ్వలేదు, నిజంగానే అడిగాడు. నేను మళ్లీ చెప్పాను. మేడమ్ అనాలి అని చెప్పి ఉండాల్సిందా? గౌరవం తగ్గి అన్నాడా, పెరిగి అన్నాడా? లోపల సంతోషంగా ఉంది, భయంగానూ ఉంది.

వరండాలో హెడ్మాస్టరు గారు నిలబడి ఉన్నారు. విన్నారు.

ఆగస్టు 4

పిలిచారు. "తెలుగు టీచరు మీరు. రేపు పిల్లలు పరీక్షల 'వచ్చిండు' అని రాస్తె మార్కులు మీరు ఏస్తరా? ఇన్‌స్పెక్షన్ ఉన్నది ఈ నెల. జర చూసుకోండి."

ఆయన కూడా 'పరీక్షల', 'ఏస్తరా' అన్నారు. గమనించారో లేదో. కానీ ఆయన చెప్పింది తప్పా? పిల్లలకు నష్టం జరిగితే ఎవరిది?

ఆగస్టు 21

ఇన్‌స్పెక్షన్. జిల్లా ఆఫీసు నుంచి వచ్చినాయన నా క్లాసులో కూర్చున్నారు. "ఈ మధ్య వాన గురించి ఎవరైనా చెప్పండి" అన్నారు. ఎవరూ లేవలేదు. కనకయ్య లేచాడు. నాకోసం లేచాడు, నాకు తెలుసు. లేచేముందు నావైపు చూశాడు.

వాళ్ల బాపు గొర్లు కాస్తాడు. వాగు దాటుతుంటే నీళ్లు పెరిగి ఒక గొర్రెపిల్ల కొట్టుకుపోయిందట. "మా బాపు మెడదాంక మునిగిండు. ఒడ్డుమీద మా అవ్వ ఒర్రుతున్నది, అది పోతె పోనియ్యి, నువ్వు రా అని. మా బాపు ఇంటలేడు. ఆఖరికి గొర్రెపిల్లను నెత్తిమీద వెట్టుకొని వచ్చిండు."

క్లాసంతా వాడివైపే తిరిగింది. నేనూ. ఆఫీసరు గారు నవ్వారు. "ఏం భాషయ్యా అది? మీ తెలుగు టీచరు ఎవరు?"

నేను అక్కడే ఉన్నాను. నా నోరే అంది — "కనకయ్యా, వచ్చిండు కాదు. వచ్చాడు అనాలి."

వాడు నావైపు తిరిగాడు. తర్వాత చేతులు కట్టుకుని, ప్రతి అక్షరం పలుకుతూ — "మా నాన్నగారు గొర్రెపిల్లను తల మీద పెట్టుకుని వచ్చారు."

బాగుంది అన్నారు ఆఫీసరు గారు. కూర్చోమన్నారు.

నాన్నగారు అనమని నేను చెప్పలేదు.

ఆగస్టు 22

క్లాసు నిశ్శబ్దం. వెళ్లగానే లేచారు, కూర్చోమనగానే కూర్చున్నారు. నర్సింలు సార్ వరండాలో ఆగి చూసి, "సెట్టయింది మేడమ్ క్లాసు, గిప్పుడు మీరంటె ఏందో తెలిసింది" అన్నారు. ఏం తెలిసింది వాళ్లకు?

ఆగస్టు 30

బడి వదిలాక కనకయ్యను ఆపాను.

"కోపమొచ్చిందా కనకయ్యా?"

"లేదు మేడమ్. నాకు కోపం రాలేదు."

"మరి ఎందుకట్ల మాట్లాడుతున్నవ్?"

"మీరే నేర్పించారు కదా మేడమ్."

వెక్కిరింత కోసం వెతికాను, గొంతులో, కళ్లలో. దొరకలేదు. ఉంటే బాగుండేది. పాత వెక్కిరింతకైతే ఏం చేయాలో నాకు కొంచెం తెలుసు. ఇప్పుడు హోంవర్క్ చేస్తున్నాడు, తప్పులు తగ్గాయి. ఈసారి పాసవుతాడేమో. ఒక టీచరు ఇంతకంటే ఏం కోరుకోవాలి...

సెప్టెంబరు 2

బాధపడుతున్నట్టా నేను, గెలిచినట్టా.

సెప్టెంబరు 7

బస్సు కోసం నిలబడి ఉంటే ఒకామె నెత్తిమీద గడ్డిమోపుతో వచ్చి ఆగింది. మోపు దించి దండం పెట్టింది. కనకయ్య వాళ్ల అమ్మ.

"మా పిలగాడు మారిండు మేడమ్. ఇంట్ల గూడ మీ లెక్కనే మాట్లాడుతుండు. వాడకట్టంత మెచ్చుకుంటున్నరు."

మంచిదే కదమ్మా అన్నాను.

"మంచిదే. బాపును నాన్నగారు అంటుండు. మొదట్ల ఆయన నవ్విండు. గిప్పుడు నవ్వుతలేడు. ఎవన్ని పిలుస్తున్నవ్ రా అంటడు, లేసి గొర్ల కాడికి పోతడు." వంగి మోపు తాడు బిగించింది. "నాకు సగం సమజైతది, సగం కాదు. వాడు గా సంగతి చూసి మాట్లాడుడే తక్కువ జేసిండు. మీరన్న జర చెప్పుండ్రి మేడమ్. మా తోని మా లెక్క మాట్లాడుమని. మీ మాటైతె ఇంటడు. ఇంకెవ్వలి మాట ఇనడు."

బస్సు వచ్చింది. మోపు ఎత్తడానికి ఒక చెయ్యి వేశాను. "చెప్తా" అన్నాను, ఎక్కాను.

సెప్టెంబరు 8

మూడో పీరియడు. కనకయ్య ముందు బెంచీకి మారాడు, ఎవరూ చెప్పకుండానే. పుస్తకం తెరిచి నా నోటి వైపే చూస్తున్నాడు, ఏ మాట వస్తుందా అని.

"కనకయ్యా" అన్నాను.

"చెప్పండి మేడమ్."

వాళ్ల అమ్మ మాట చెప్దామనే పిలిచాను. పాఠం చదవమన్నాను. చదివాడు. ఒక్క తప్పూ లేదు.