వానలో ఆర్పిన లైట్లు

ఒరే తమ్ముడూ! నేనూ, నేను నడిపే స్కూలు వ్యానులోని పిల్లలూ క్షేమం.

పొద్దున జల్లు పడుతుంటే, ఎదురుగా ఏమీ లేదనుకుని ముందున్న ట్రాక్టరును దాటబోయాను. వానలోంచి ఊడిపడ్డట్టు బూడిదరంగు కారొకటి ఎదురొచ్చింది. జానెడు దూరంలో తప్పింది. పైప్రాణాలు పైనే పోయాయి. దిగి, "లైట్లు వేసుకోవాలని తెలీదా?" అని అరిచాను.

"మీ వ్యానుకూ లేవు కదమ్మా! నాకూ కనబడలేదు" అన్నాడు ఆ కారు నడుపుతున్న పెద్దాయన.

తిరిగి చూస్తే నిజమే. వెంటనే వెళ్ళి లైట్లు వేశాను.

అమ్మ కంటికి కట్టు విప్పారా? ఈ కార్డు ఆమెకు చదివి వినిపించకు. పగలు లైటు వెలుగుతోందని అందరూ నవ్వుతున్నారని నీ బండికి వైరు పీకేయించావట. రేపే కలిపించు. నవ్వినవాడికి నువ్వు కనబడ్డట్టే కదరా!

నీకూ మరదలికీ నా దీవెనలు.

అక్క