అల్జీరా విరగ్గొట్టిన తాళం

ఒల్యావ్,
16 జూన్ 2011

గౌరవనీయులైన గ్రసిందా అక్కయ్యకు,

లియోనోర్ నమస్కరించి రాస్తున్నది. ఈ ఉత్తరం అందేసరికి మీ మోకాలి నొప్పి తగ్గి, కులాసాగా ఉంటారని తలుస్తాను.

నిన్న సాయంత్రం మన పుస్తకం విడుదలైంది. మీరు రాలేనన్నారు కాబట్టి జరిగినదంతా రాస్తున్నాను. మత్స్యకారుల సంఘం హాల్లో కుర్చీలు చాలక ఆడవాళ్లు చేపల పెట్టెలు బోర్లించుకుని కూర్చున్నారు.

మొదటి పేజీ నేనే చదివాను. ఈ పుస్తకం కోసం మీ గుమ్మందాకా మూడుసార్లు వస్తే రెండుసార్లు తలుపేసేశారు. మూడోసారి లోపలికి రానిచ్చి, "మా చెల్లి చచ్చిన తీరు ఊరంతా చెప్పుకుంది. బతికిన తీరు రాస్తావా?" అన్నారు. అందుకే పుస్తకాన్ని శవంతో మొదలుపెట్టలేదు. చేపల డబ్బాల ఫ్యాక్టరీలో అల్జీరా ఎంత చకచకా సార్డీన్ చేపల తలలు తీసేదో, మేస్త్రీ సెవెరీనో నడకను అనుకరించి అందరినీ ఎలా నవ్వించేదో, అక్కణ్నుంచి మొదలుపెట్టాను. ఆ నడక దగ్గర హాలంతా ఘొల్లుమంది. పోయిన నలభై మూడేళ్లకు కూడా మీ చెల్లెలు వాళ్లను నవ్వించింది అక్కయ్యా.

తర్వాత అసలు సంగతికి వచ్చాను. అల్జీరా ఆ మేస్త్రీతో ప్రేమ నడిపి, ఇంకొకడి మీద మనసుపడి, ఆ కోపంలో మేస్త్రీ చేతిలోనే చచ్చిందని ఊరు నమ్మింది. విచారణకు ముందే సంతల్లోకొచ్చిన 'ఆవిరి గదిలో అందగత్తె' అనే చిన్న పుస్తకం అదే చెప్పింది. దాని మీద రాసినవాళ్ల పేరు కూడా లేదు. కోర్టు సైతం మోసపోయిన మగాడని జాలిపడి సెవెరీనోకు రెండేళ్లతో సరిపెట్టింది. మీరు తలెత్తుకోలేక సెతూబల్ వెళ్లిపోయారు.

కోర్టు కట్టల్లో అడుగున పడివున్న ఇసౌరా వాంగ్మూలం చదవబోతుండగా, ఇసౌరాయే పెట్టె మీదనుంచి లేచింది. అప్పుడు పంతొమ్మిదేళ్ల పనిపిల్ల, ఇప్పుడు మనవలున్న మనిషి. కాగితం అవసరం లేదు, తానే చెబుతానంది.

సరుకు పూర్తయ్యేదాకా ఎవరూ కదలకూడదని సెవెరీనో చేపలు ఉడికించే ఆవిరి గదికి బయట తాళం వేశాడట. లోపల ఇసౌరా ఊపిరాడక పడిపోయింది. అల్జీరా ఇనప కమ్మీతో తాళం విరగ్గొట్టి ఆమెను బయటికి లాగింది. నా తాళమే విరగ్గొడతావా అంటూ సెవెరీనో వచ్చి, రాతి మెట్ల మీదనుంచి అల్జీరాను తోసేశాడు.

"ప్రియుడూ లేడు, పాడూ లేదు," అంది ఇసౌరా. "నన్ను లాగడానికొచ్చింది. అంతే. కోర్టులో చెప్పాను, వీధిలో చెప్పాను. ఆ ప్రేమకథే బాగుందన్నారు అందరూ."

ఆ తర్వాత ఒకామె లేచి, తానూ ఆ గదిలో పనిచేశానంది. ఇంకొకామె లేచింది. చూస్తుండగానే సగం హాలు నిలబడింది. నగరపాలక అధ్యక్షుడు కూడా లేచి, ఫ్యాక్టరీ పక్క వీధికి అల్జీరా పేరు పెడతామని అక్కడికక్కడే ప్రకటించాడు. పెడతామని కాదు, పెడుతున్నామని రాసివ్వమన్నారు ఆడవాళ్లు. రాసిచ్చాడు.

పుస్తకాల కొట్టు అమాన్సియో తన దగ్గర మిగిలిన ఆ పాత 'అందగత్తె' పుస్తకాలన్నీ మోసుకొచ్చి బల్ల మీద పడేశాడు, ఇక అమ్మనన్నాడు. బయట సార్డీన్లు కాలుతున్నాయి. అందరూ రొట్టె ముక్కల మీద పెట్టుకుని తిని, ఆ పేజీలకే చేతులు తుడుచుకున్నారు. నేనూ తుడుచుకున్నాను. ఇంత ఆనందంగా ఎప్పుడు తిన్నానో గుర్తులేదు.

మీరు గెలిచారు అక్కయ్యా. ఇక ఈ ఊరికి తలెత్తుకుని రండి.

అల్జీరా ఊరినుంచి,
లియోనోర్

తా.క. వెళ్లేటప్పుడు ఇసౌరా నా చెయ్యి పట్టుకుని, "నాది నేను చెప్పాను. ఇక నీది నువ్వు చెప్పు," అంది. 'ఆవిరి గదిలో అందగత్తె' రాసింది నేనే. అప్పుడు నాకు ఇరవై రెండేళ్లు, ఒక పత్రికలో కొత్తగా చేరాను. అచ్చుకు ముందే ఇసౌరా నాకు తాళం సంగతి చెప్పింది. ప్రేమకథ అయితే జనం చదువుతారని వదిలేశాను. ఇది రెండో ముద్రణలో చివరి అధ్యాయమవుతుంది. ఊరికంటే ముందు మీకు తెలియాలని రాస్తున్నాను. మన పుస్తకం మీద నా పేరు ఉండాలో వద్దో మీరు చెప్పండి. ఏది చెబితే అదే అచ్చవుతుంది.