కింద ఉన్నమాట నిజమే

బావగారికి,

రెండో అంతస్తు స్లాబు ఎప్పుడు వేయమంటావని మీరు రాసిన ఉత్తరం అందింది. జవాబు ఆలస్యమైంది. పని ఒత్తిడి అనుకోండి. కాదులెండి, మొహం చెల్లక రాయలేదు.

మా చమురు బావుల గేటు ఎదురుగా లాడ్జి మొదలుపెట్టేముందు మీరు నన్ను ఒక్కటే అడిగారు: "కింద ఆయిల్ ఉందంటావా, బావమరిదీ?"

"బోలెడుంది" అన్నాను. అబద్ధం కాదు. ఆ లెక్క కట్టడమే నా ఉద్యోగం. కానీ మా పనిలో ఉండటం వేరు, పైకి రావడం వేరు. చమురు అక్కడ చెరువులా నిలిచి ఉండదు, స్పాంజిలో తడిలా రాతిని పట్టుకుని ఉంటుంది. మూడొంతుల్లో రెండొంతులు ఆ రాయి వదలదు. ఈ మాట నోటిదాకా వచ్చింది. "మా తమ్ముడు భూమి లోపలికి చూడగలడు" అని అక్క అందరి ముందూ మురిసిపోతుంటే మింగేశాను.

ఇప్పుడు బావుల్లో చమురు కన్నా నీళ్లే ఎక్కువొస్తున్నాయి. ఆఫీసు సంగతులు ఇంతకు మించి రాయకూడదు. మీ గదుల్లో ఉంటున్న మా ఆఫీసువాళ్లు ఇంకెన్నాళ్లుంటారో అడక్కండి. స్లాబు మాత్రం ఆపేయండి. ఇనుము దించి ఉంటే వెనక్కి పంపేయండి.

అక్కకి నేనే వచ్చి చెప్తాను. లేదు, మీరే చెప్పండి బావగారూ. "అయితే వాడు ఉందన్న ఆయిల్ లేదా?" అని అడుగుతుంది.

ఉందనే చెప్పండి. నేనన్నది ఆ ఒక్క మాటే, అది నిజమే.

మీ బావమరిది