తెర మీద మన హాస్టల్ బంతి

నర్సన్నా,

నువ్వు పోయి నేటికి ఏడాది. కాలేజీ దినచర్య మీద మేం తీసిన సినిమాను నిన్న సంగారెడ్డి పక్కన మన ఊళ్లో తెర కట్టి ఆడించాం. అన్ని కులాలకూ ఒకే బంతి కావాలని హాస్టల్లో నువ్వు కొట్లాడి సాధించిన భోజనాల వరుస అందులో ఉంది.

"గా బంతి సీను కోసెయ్. జెండా వందనం చాలు," అన్నాడు వార్డెన్, ఊళ్లో ఆడించక ముందు.

"కోస్తే నన్ను గూడ కొయ్యుండ్రి సార్," అన్నాను.

తెర మీద నీ తమ్ముడు, ఊరి పెద్ద పటేల్ కొడుకు పక్కపక్కనే తింటుంటే ఊరు బిగుసుకుపోయింది. అప్పుడు పటేల్ తల్లి అంది: "మా మనుమడు వంకాయ కూర గింత మంచిగ తింటుండేంది? ఇంట్ల ముట్టనే ముట్టడు. మల్లొకసారి తిప్పుండ్రి."

మనం పంచిన కరపత్రాలకు కదలని ఊరు కడుపుబ్బ నవ్వింది. మళ్లీ తిప్పుతుంటే, ఎప్పుడూ దూరంగా నిలబడే మీ నాయన వచ్చి పటేళ్లున్న జంపఖానా మీద కూర్చున్నాడు.

ఎవరూ లేవలేదన్నా.