బయటి గడియ

అన్నయ్యకి,

నీ క్షేమం అడగను. నిన్న సాయంత్రం ఆటలో చూశాను, నిక్షేపంగా ఉన్నావు.

సినిమా హాలు తలుపు దగ్గర టార్చి పట్టుకుని నిలబడేది నేనే కదా. తెర మీద ఆ కొడుకు మతి చెదిరిన తల్లిని గదిలోకి తోసి బయట గడియ పెట్టగానే సగం హాలు నవ్వింది, సగం హాలు ముక్కులు ఎగబీల్చింది. ఆట వదిలాక వరండాలో ఒకటే గొడవ.

"ఇంట్లో పిచ్చి చాలక ఇక్కడికొచ్చి కూడా చూడాలా?" అని ఒకాయన అరిచాడు.

"మా ఇంట్లో ఇంతేనయ్యా, నోర్ముయ్!" అని ఒకావిడ ఆయన మీదికెళ్ళింది.

నువ్వేమో కళ్ళు తుడుచుకుంటూ, "దీనికి ఏడవనివాడు మనిషే కాదు" అని తీర్పు చెప్పావు. జనం తలలూపారు. తలుపు పట్టుకున్న నా మొహం మాత్రం నీకు కనపడలేదు.

ఒళ్ళు మండిపోయింది. మన అమ్మ గదికి బయట గడియ బిగించింది ఎవరు? "డ్యూటీకెళ్ళేటప్పుడు వేసెయ్, నీకూ నిశ్చింత" అన్నది ఎవరు?

ఈ పొద్దున ఆ గడియ ఊడబీకాను. అమ్మ తలుపు తీసి, వేసి, మళ్ళీ తీసి చూసుకుంది. తర్వాత గొంతు తగ్గించి, "పెద్దోడికి చెప్పావా?" అని అడిగింది. నువ్వంటే అంత భయం ఆవిడకి.

నేను డ్యూటీకెళ్ళినప్పుడు, ఆదివారం తప్ప మిగతా రోజులు అమ్మని పక్కింటి పిన్ని చూసుకుంటానంది. ఆదివారం ఆవిడకి కుదరదు, నాకు సెలవు లేదు. నువ్వొచ్చి అమ్మ దగ్గర ఉండు.

ఏడవక్కర్లేదు. కూర్చుంటే చాలు.

నీ చెల్లెలు